కోదాడ వదిన సాక్సులు

కూర్చో బిడ్డా. ఆ గడప మీద కాదు, ఇట్ల నా ముందు కూర్చో, నీ మొఖం నాకు కనపడాలె. సక్కగ విను. మధ్యమధ్యల ఆ ఫోన్‌ల వేరేది చూడకు. నిన్న మీ అమ్మమ్మ చెప్తుంటే ఆమె మాటలన్ని దాంట్ల టకటక కొట్టుకున్నవు గదా, ఇప్పుడు నాది కొట్టు. ఆమె చెప్పిందంత నేను ఈ అర్రల నుంచి విన్న. ఆ సాక్సుల ముచ్చట చెప్తుంటే నువ్వు పడిపడి నవ్వినవ్. నా ముచ్చట విని నువ్వు అంత నవ్విన యాది నాకు లేదు.

జర మెల్లగ చెప్తా. ఆమె వంటింట్లనే ఉన్నది, వచ్చిన కాడి నుంచి వంటిల్లు ఇడిసిపెడ్తలేదు. నా ఇంట్ల నా పొయ్యి కాడికి నన్ను రానిస్తలేదు చూడు. "మీరు కూర్చోండి వదినగారూ, నేను చేస్తాగా" అంటది. కోదాడ మాట తియ్యగ ఉంటది, ఎవలనన్న అడుగు.

మొదలు సంది చెప్తా. మీ అమ్మ ఈ ఇంటికి కోడలుగ రాకముందు, మన బజార్ల అల్లిక అంటే నేనే. సూర్యాపేటల చలి ఎన్ని దినాలుంటది? దీపావళి పోయినంక జర షురువైతది, శివరాత్రికి ఖతం. గని ఆ జర చలికే పుట్టిన పిల్లలకు తలకు కుల్ల కావాలె, స్వెట్టర్ కావాలె, కాళ్లకు సాక్సులు కావాలె. ఎవలింట్ల పిల్ల పుట్టినా ఊలు ఉండలు పట్టుకొని నా అరుగు మీదికి వచ్చేది. మీ తాత పొద్దుగాల చివ్వెంల దిక్కు పొలం చూసుకోను పోతే, నేను అరుగు మీద కూర్చొని పుల్లలు ఆడిస్తుంటి. ఒక కుట్టు సీదా, ఒక కుట్టు ఉల్టా. పక్కపొంటి ఆడోళ్లంత చుట్టు మూగి, "అక్కా, మెడ కాడ ఎట్ల తగ్గించాలె?", "అత్తా, మడిమ ఎట్ల తిప్పాలె?" అని అడిగేది. అట్ల అడుగుతుంటే నాకు ఆకలి కూడ తెలిసేది కాదు.

ఒక్కటే లోటు ఉండె. సాక్సు మీది అంచు పట్టి, స్వెట్టర్ చేతి కాడి పట్టి, రెండు మూడు సార్లు ఉతికితే వదులైపోయేది. ఊలు గుణమే అది. సాగుతది, గని మళ్ల ఎనుకకు రాదు. అందుకే నేను ఊలుతోనే సన్న తాడు పేని, పట్టిల నుంచి తీసి, కొసలకు రెండు ఊలు బంతులు కట్టేది. "అబ్బ, బంతులు ఎంత ముద్దుగున్నయ్" అనేది అందరు. ముద్దుకు కాదు బిడ్డా అవి, పట్టు లేక కట్టినయ్. ఆ సంగతి నాకొక్కదానికే ఎరుక.

ఇగ నువ్వు పుట్టినవ్. మీ అమ్మకు తొలి కాన్పు, పుట్టింట్ల కోదాడల అయింది. తొట్టెల పండుగకు మేము బట్టలు, కాళ్లకు పట్టగొలుసులు తీసుకొని పోయినం. నేను పసుపు రంగు ఊలుతోని కుల్ల, స్వెట్టర్, సాక్సులు అల్లి తీసుకపోయిన. మీ తాత మొగోళ్ల దిక్కు గద్దె మీద కూర్చుంటే, నేను ఆడోళ్ల నడుమ తొట్టెల కాడ నిలబడి నీకు నా చేతులతోని తొడిగిన. అందరు బంతులు చూసి మురిసిండ్రు. నువ్వు కాళ్లు ఆడించినవ్. ఒక్కటి ఊడి తొట్టెల పడ్డది. మళ్ల తొడిగిన. మళ్ల ఆడించినవ్. రెండోది ఊడి కింద పడ్డది.

అప్పుడు మీ అమ్మమ్మ వచ్చింది. తెల్ల సాక్సులు, అంచుకు సన్నగ గులాబి గీత. బంతులు లేవు, తాడు లేదు. నీ కాలుకు ఇట్ల తొడిగింది, అంతే. నువ్వు సైకిల్ తొక్కినట్టు తొక్కినవ్. కదలలే. తొడిమెకు కాయ పట్టినట్టు పట్టుకొని ఉన్నయ్.

వాళ్ల చుట్టాలామె ఒక్కామె ఒక సాక్సు ఇప్పి, అంచు పట్టుకొని ఇట్ల గుంజింది. ఇంతది అంత సాగింది. ఇడిసింది. టప్పుమని మళ్ల ఎప్పటి లెక్కనే అయింది.

"అమ్మో, చూడండే! రబ్బరులా ఎట్లా వస్తుందో!"

ఇగ ఆ సాక్సు ఒకరి చేతిల నుంచి ఒకరి చేతికి పోవుడే. గుంజుడు, టప్, నవ్వుడు. గుంజుడు, టప్, నవ్వుడు. పిల్లను చూసుడు ఇడిసిపెట్టిండ్రు. నడుమల ఒకామె, "సూర్యాపేట వాళ్ల సాక్సు ఇక్కడ కింద పడిందండీ, తొక్కేరు" అని నాది తీసి నా చేతిల పెట్టింది. పాపం, మంచిగనే పెట్టింది. గని నేను పాయసం గిన్నె అట్లనే పక్కకు పెట్టిన. కడుపుల మంట అంటరు చూడు, ఉత్తగ అనరు. నిజంగనే మండుతది, ఈడ, బొడ్డు మీద.

తినుడు అయినంక పక్కకు పిలిచి అడిగిన. "వదినా, దాంట్ల ఏం ఏసి అల్లినవ్?"

ఆమె నవ్వింది. "ఏముంది వదినగారూ, మామూలు ఊలేనండీ. చేతివాటం, అంతే."

చేతివాటం! ఆ మాట రాసినవా? అది కొట్టినవా సక్కగ? ఇన్ని ఏండ్ల సంది అల్లే నా చేతికి వాటం లేదన్నట్టే గదా. నిన్న ఆమె చెప్పినప్పుడు ఈ మాట చెప్పిందా నీకు? చెప్పదు. నేను అంత విన్న గదా, అది చెప్పలే.

గని నేను తక్కువదాన్నా? సాక్సు ఎలుతురుకు పట్టి గుంజి చూసిన. ఊలు పోగుల నడుమ నుంచి ఇంకో సన్న పోగు పోతున్నది. వెంట్రుకకు జర మందం. గుంజినప్పుడే కనపడుతది, ఇడిస్తే ఊలుల దాక్కుంటది.

తిరుగు బస్సు మునగాల దాటింది. మీ తాతనే అన్నడు, "ఏమే, మనుమరాలు నా పోలికనే ఉన్నది గదా? ముక్కు చూసినవా?"

"ముక్కు సంగతి ఇడిసిపెట్టు. ఆ సాక్సుల లాస్టిక్ ఉన్నది."

"నువ్వు పోయింది పిల్లను చూడనీకా, సాక్సులను చూడనీకా?"

"మామూలు ఊలట! నాతోని! మామూలు ఊలు ఏంది, కానిదేంది నాకు తెల్వదా?"

"ఆమె చెప్పకపోతే ఏమాయె? నువ్వు తాడు కట్టు, బంతులు కట్టు. మంచిగుంటయ్."

బంతులు అనంగనే నాకు ఏడుపొచ్చింది. కిటికీ దిక్కు తిరిగి కూర్చున్న.

తెల్లారి లేసి మన బజార్ల గాజుల దుకాణం కాడికి పోయిన. "సాగే దారం కావాలె" అన్న. ఆయన పిల్లల పూసల దండలు గుచ్చే రబ్బరు ఇచ్చిండు. ఉత్త రబ్బరు, తెల్లగ, సేమ్యా లెక్క. ఇంటికొచ్చి ఊలుతోని కలిపి అల్లబోయిన. అది పుల్ల మీద జారితే గదా! ఊలు ముందుకు పోతది, రబ్బరు పుల్లను పట్టుకొని ఆడనే ఉంటది. గుంజితే కీచుమంటది. గట్టిగ గుంజితే పటుక్కుమని తెగి చేతికి సురుక్కున తగులుతది. రెండు వరుసలు అల్లేసరికి నా వేలు ఎర్రగైంది. మీ తాత పేపర్ మీద నుంచి చూసి, "అల్లుతున్నవా, కొట్లాడుతున్నవా?" అని అడిగిండు.

మిర్యాలగూడల మీ చిన్నాయిన అప్పటికే రైసుమిల్లుల పనికి కుదిరిండు. వాడు ఫోన్ చేసినప్పుడు చెప్పిన. "అమ్మా, ఈడ దర్జీ సామాన్ల పెద్ద దుకాణం ఉన్నది, రా" అన్నడు. మీ తాతకు పండ్ల నొప్పి, మిర్యాలగూడల మంచి డాక్టర్ ఉన్నడని చెప్పి తోలుకపోయిన. ఆయన పండు పీకిచ్చుకున్నడు, నేను దారం తెచ్చుకున్న. ఇద్దరికి పని అయింది.

ఆ దుకాణం సేటు తాతలనాటి సంది అదే యాపారం చేసేటోడు. గల్లా ముందు కూర్చొని, నేను తీసుకపోయిన తెగిన రబ్బరు చూసి పక్కున నవ్విండు.

"అమ్మా, బట్టల్లేకుండ రబ్బరును తీసుకొచ్చి అల్లితే అది ఊరుకుంటదా? దానికి అంగీ తొడగాలె."

"అంగీ ఏంది సేటూ?"

ఆయన కోను ఒక్కటి తీసిండు. దారం కొస గోరుతోని పట్టి గుంజి చూపిచ్చిండు. లోపల రబ్బరు పోగు. దాని మీద నైలాన్ పోగు మెలికలు మెలికలుగ చుట్టి ఉన్నది, ఎద్దు కొమ్ముకు రంగు గుడ్డ చుట్టినట్టు. గుంజుతే ఆ చుట్లు దూరం దూరం జరిగి నడుమల తెల్ల రబ్బరు కనపడ్డది. ఇడిస్తే చుట్లన్ని దగ్గరికొచ్చి రబ్బరును దాచిపెట్టినయ్. నత్త గుల్లలకు పోయినట్టు.

"రబ్బరు సాగుతది, పై చుట్టు జారుతది. గందుకే పుల్లను పట్టుకోదు. ఎంత దాక సాగాలెనో కూడ ఆ చుట్టే చెప్తది, అంతకు మించి పోనియ్యదు, గందుకే తెగదు" అన్నడు. మళ్ల ఇంకో కోను తీసిండు. ఒక్క చుట్టు ఉన్నది గుంజి ఇడిస్తే దారం దానంతట అదే మెలి తిరిగి ముడిపడ్డది. రెండు చుట్లున్నది, ఒక్కటి కుడికి, ఒక్కటి ఎడమకు చుట్టింది, సక్కగ నిలబడ్డది. "ఒక్కటి ఇటు గుంజుతది, ఒక్కటి అటు గుంజుతది, నడుమల అది నిమ్మళంగ ఉంటది. ఇంట్ల అత్తా కోడళ్ల లెక్క" అని మీ తాత దిక్కు చూసి కన్ను గొట్టిండు. మీ తాత నోట్ల దూది పెట్టుకొని ఉన్నడు, నవ్వలేకపోయిండు.

"కోదాడ నుంచి ఎవరన్న వచ్చి కొనుకపోతరా గిది?" అని అడిగిన.

"ఎందుకు రారమ్మా, ఒక పెద్దమనిషామె వస్తనే ఉంటది. మాట తియ్యగ ఉంటది."

అయితే ఆమె చేతివాటం ఈ అల్మారల ఉన్నదన్నమాట! నాకు ఎంత సంబురమైందంటే, మిర్యాలగూడ బస్టాండ్ల మీ తాతకు ఐస్‌క్రీం కొనిచ్చిన, పండు పీకిచ్చుకున్నోడు చల్లటిది తినాలె గదా.

మొదటి జత పాడైంది. ఆ దారాన్ని గట్టిగ గుంజి పట్టుకొని అల్లిన. గట్టిగ అల్లితే గట్టిగ ఉంటదనుకున్న. పుల్లల నుంచి తియ్యంగనే అంచంత ముడుచుకొని బొటనవేలు పట్టేంత అయింది. "బొమ్మకా?" అన్నడు మీ తాత. తర్వాత సమజైంది. దాన్ని గుంజొద్దు, వేలాడనియ్యొద్దు. ఊలు ఎంత పోతే అది అంతే పక్కపొంటి పోవాలె. ఆ లెక్క చేతికి రావాలె, నోటితోని చెప్తే రాదు. రెండో జత మంచిగొచ్చింది. పెట్టెల పెట్టి నీ కోసం ఎదురు చూసిన.

మూడో నెలల మీ అమ్మ నిన్ను ఎత్తుకొని వచ్చింది. వచ్చేటప్పుడు కాళ్లకు ఏమున్నయ్? ఆ తెల్ల సాక్సులే. నేను నావి తీసి చూపిచ్చిన. మీ అమ్మ, "మంచిగున్నయ్ అత్తమ్మా, ఇవి పాడైనంక అవి వేద్దాం" అన్నది. పాడైనంక! అవి ఎప్పుడు పాడైతయ్, నేను ఎప్పుడు తొడగాలె? నీకు రోజు తానం నేనే పోసేది. నువ్వుల నూనె పెట్టి, కాళ్లు చేతులు సాగదీసి, నలుగు పెట్టి, వేడి నీళ్లు పోసి, ఒళ్లు తుడిచి, నిప్పుల మీద ఊదు ఏసి పొగ పట్టేది. ఆ నిప్పుల మీద గంప బోర్లిచ్చి, నీ బట్టలు దాని మీద పరిచేది. పిల్ల బట్టలు పచ్చిగ ఉండొద్దు, ఊదు వాసన పట్టాలె. మా అమ్మ మాకు అట్లనే చేసింది, నేను మీ నాయినకు, మీ చిన్నాయినకు అట్లనే చేసిన. సాక్సులు గూడ ఆ గంప మీదనే. నూనె కాళ్లకే తొడిగేది.

కొన్ని దినాలకు ఆ తెల్ల సాక్సులు జారుడు షురువైంది. పైకి చూస్తే ఏం కాలే. అంచు అట్లనే ఉన్నది, గులాబి గీత అట్లనే ఉన్నది. గుంజితే సాగుతది, ఇడిస్తే సాగినట్టే ఉండిపోతది. లోపల పాణం పోయింది. నాకు లోపల్లోపల సంబురం అయింది, అబద్ధం ఎందుకు చెప్పాలె? మామూలు ఊలు లెక్కనే అయినయ్ గదా అనుకున్న. గని నేను ఏం చెయ్యలే బిడ్డా. ఇది గట్టిగ కొట్టు. నేను ఏం చెయ్యలే.

గప్పుడే మీ అమ్మమ్మ నిన్ను చూడను వచ్చింది. నిన్ను ఎత్తుకోంగనే సాక్సు జారి ఆమె ఒళ్లె పడ్డది. తీసింది. గుంజింది. ఇడిసింది. అది రాలే. మళ్ల గుంజింది. రాలే. అప్పుడు తలకాయ ఎత్తి నన్ను చూసింది.

"ఏం చేశారు వదినగారూ దీన్ని?"

"నేనేం జేస్త? తొడిగిన, ఇప్పిన."

"కోదాడలో ఉన్నన్నాళ్లూ బాగానే ఉన్నాయండీ."

"అయితే ఈడికి వచ్చినంక నేను గుంజుకుంట కూర్చున్ననంటవా?"

"నేనెందుకంటానండీ అట్లా? అడిగానంతే."

మన పక్కింటామె ఆడనే ఉండె. ఊకుంటదా! "దిష్టి తగిలిందేమో అత్తా" అన్నది. మీ అమ్మమ్మ సాక్సు మడత పెట్టుకుంట, మెల్లగ, "దిష్టి పిల్లకు తగలాలి గానీ, సాక్సులకు తగలడం ఎప్పుడూ వినలేదమ్మా" అన్నది. నన్ను చూడకుంటనే అన్నది. చూడకుంట అనుడే చూసి అన్నట్టు.

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. కుళ్లుకున్నది నిజమే, కుళ్లుకుంటే దారం తెగుతదా? గని ఎట్ల నిరూపించాలె? ఆ రాత్రి నేను అన్నం తినలే, ఆమె తినలే. పొద్దుగాల మీ అమ్మకే ఒక ఉపాయం తట్టింది. బాలింత, ఇద్దరి నడుమ నలిగిపోయి ఉన్నది. నిన్ను మంచం మీద పండబెట్టి, ఒక కాలుకు వాళ్లమ్మ సంచిల నుంచి తీసిన కొత్త సాక్సు, ఇంకో కాలుకు నా పెట్టెల నుంచి తీసిన కొత్త సాక్సు తొడిగింది.

"ఎడమది అమ్మది. కుడిది అత్తమ్మది. అమ్మా, నువ్వు ఇక్కడే ఉండు. నూనె, తానం, ఊదు అంత నువ్వే చెయ్, గని ఈ ఇంట్ల ఎట్ల చేస్తరో అట్లనే చెయ్. అత్తమ్మా, మీరు కూర్చొని చూడుండ్రి, చెయ్యి పెట్టొద్దు. ఏది పాడైతదో చూద్దాం."

మీ నాయిన దీన్ని చూసి, "ఇది ఇల్లా, కోర్టా?" అని బండెక్కి పోయిండు.

ఇగ చూడాలె మా ఇద్దరిని. నూనె పెట్టేది ఆమె, కనిపెట్టేది నేను. "ఆ కాలుకు తక్కువ పెట్టినవ్ వదినా" అంటే, "రెండూ సమానంగానే పెట్టానండీ, కావాలంటే వచ్చి ముట్టుకు చూడండి" అనేది. "చెయ్యి పెట్టొద్దన్నరు గదా నన్ను" అనేది నేను. గంప మీద తన సాక్సు పొగ తగలని దిక్కు పెట్టిందని నేను గంప తిప్పిచ్చిన. నేను అటు పోంగనే ఆమె మళ్ల ఇటు తిప్పింది. ఆఖరుకు మీ అమ్మ రెండు సాక్సులను పక్కపక్కన పెట్టి, గంపకు సున్నంతోని గీత గీసింది. పక్కింటోళ్లు పొద్దుగాల్నే వచ్చి, "ఏమాయె, కోదాడ గెలిచిందా, సూర్యాపేట గెలిచిందా?" అని అడిగి, చాయ తాగి పోయేది. నువ్వేమో ఒక కాలు తెలుపు, ఒక కాలు పసుపు, బోసినవ్వు నవ్వుకుంట ఉండె.

రెండూ పోయినయ్. ఒక్కతీరుగ, ఒక్క దినమే. పొద్దుగాల ఆమె తొడుగుతుంటే ఎడమది జారింది. నేను గెలిచిననుకున్న. ఇటు చూస్తే కుడిది గూడ మడిమ కాడికి జారి ఉన్నది. ఆమె రెండింటిని తీసుకొని, నాది ఇప్పి, పోగు బయటికి గుంజి చూసింది. పై నైలాన్ చుట్టు మంచిగనే ఉన్నది. దాని నుంచి రబ్బరు మాత్రం పిండి లెక్క రాలింది. తనది ఇప్పింది, అదీ అంతే. నూనె రబ్బరును తింటది, నిప్పుల వేడి దాన్ని కాలుస్తది. ఇద్దరం ఒక్క అల్మారల దారమే తెచ్చి, ఒక్క గంప మీద ఆరబెట్టినం.

నేను అప్పుడు ఏమనుకున్ననంటే, ఇగ నాకు న్యాయం అయింది, నలుగురిల ఆమె తలకాయ కిందికి ఏసుకుంటది అనుకున్న. ఆమె ఏం చేసిందో తెలుసా? అందరి ముందు లేసి నా రెండు చేతులు పట్టుకున్నది.

"నాదే పొరపాటు వదినగారూ. మా ఇంట్లో బట్టలు నీడలో దండెం మీద ఆరేస్తాం, కాళ్లకు నూనె తుడిచేసి గానీ సాక్సులు వేయం. ఆ సంగతి మీకు చెప్పాల్సింది, తట్టలేదు. మిమ్మల్ని మాట అన్నాను, మనసులో పెట్టుకోకండి."

అయిపోయింది! బజారంత, "ఎంత మంచి మనిషి", "ఎంత పెద్దమనసు", "నలుగురిల ఒప్పుకునుడు ఎవలకన్న చాతనైతదా" అని. గెలిచింది నేను, పేరొచ్చింది ఆమెకు! మాఫీ అడుగుడు గూడ నాకంటె సక్కగ అడుగుతది. నేను నిలబడి, "అయ్యో దానికేముంది వదినా" అన్న. ఇంకేమంట?

ఆ తర్వాత మన బజారోళ్లు ఏం చేసిండ్రో చెప్తా, రాయి. ఎవలింట్ల పిల్ల పుట్టినా, "అత్తా, మీ వియ్యపురాలు ఎప్పుడొస్తది? ఆ సాక్సులు అల్లిపిచ్చుకుంటం" అనుడు. నా అరుగు మీద కూర్చొని నన్నే అడుగుతరు, ఆమె ఎప్పుడొస్తదని! ఊలు ఉండలు తెచ్చి నా చేతిల పెట్టి, "కోదాడకు పంపు అత్తా" అన్నోళ్లు గూడ ఉన్నరు. నేను పంపిన. ఎందుకు పంపిననో ఇప్పటికి నాకు సమజ్ కాదు. పోస్టు పని గూడ నాదేనా?

నేను ఊకున్ననా మరి? మళ్ల మిర్యాలగూడకు పోయిన. మీ తాతకు పీకిచ్చుకునే పండ్లు ఇంక లేవు, ఒక్కదాన్నే పోయిన. "సేటూ, నూనె తాగనిది ఏమన్న ఉన్నదా?" అన్న. ఆయన అడుగు అల్మారల నుంచి ఇంకో కోను తీసిండు. లోపల రబ్బరు కాదు, స్పాండెక్స్ అన్నడు. రబ్బరు కంటె సన్నది, నూనెకు ఓర్చుకుంటది, మీద రెండు దిక్కుల చుట్టు. "గని నిప్పుల మీద పెట్టకు తల్లీ, దానికి గూడ పాణమే" అన్నడు. అది పట్టుకొని వచ్చి, ఎరుపు ఊలుతోని అల్లిన. ఎట్లొచ్చినయంటే, సాగితే నా అరచెయ్యి పట్టేది, ఇడిస్తే నా రెండు వేళ్లంత. నూనె ముంచి ఉతికిన, నీడకు ఆరేసిన, మళ్ల ఉతికిన. చెక్కు చెదరలే. అట్లాంటి సాక్సు కోదాడల లేదు, మిర్యాలగూడల లేదు.

అప్పటికి శివరాత్రి పోయింది. హోలీ పోయింది. సూర్యాపేట ఎండలు నీకు ఎరుకనే గదా, సిమెంటు గచ్చు మీద కాలు పెడితే కాలుతది. ఆ ఎండల పసిపిల్లకు ఊలు సాక్సులు తొడిగితే చూసినోళ్లు నన్ను తిట్టరా? మళ్ల చలికాలం వచ్చేసరికి నీ కాలు పెరిగింది. నువ్వు నడుచుడు గూడ షురువు చేసినవ్, ఏది తొడిగినా పీకి అవతల పారేసేది. ఎవలు చూడలే వాటిని. ఆమె అసలే చూడలే. గుడ్డల చుట్టి పెట్టెల పెట్టిన.

అన్నీ ఉన్నయ్ నాకు. ఇల్లున్నది, నువ్వున్నవ్. గని ఒక్కసారి ఎవలన్న వచ్చి, "ఇది ఎట్ల అల్లినవ్?" అని నన్ను అడగాలె. అడిగినోళ్లు లేరు. నవ్వకు. నీకు నవ్వొస్తది, పరీక్షల నీకు మంచి మార్కులొచ్చి, ఎన్నొచ్చినయని ఎవలు అడగకపోతే అప్పుడు తెలుస్తది.

ఇప్పుడు ఆమె ఎందుకు వచ్చిందనుకుంటున్నవ్? నిన్ను చూడను అని చెప్పింది గదా. నిన్ను చూడనే వచ్చింది, కాదంటలేను. గని ఆ సంచి చూసినవా, ఆ మూల పెట్టింది? ఊలు ఉండలు. కోదాడల మీ మేనమామ భార్యకు నెలలు నిండినయ్. ఈ చలికే కాన్పు. ఆమెకు మనుమడో మనుమరాలో రావాలె, సాక్సులు అల్లాలె. నీ సాక్సులు పోయిన కాడి నుంచి, సొంత మనుమల కాళ్లకు ఆ రబ్బరు దారం ఎయ్యను ఆమెకు మనసొప్పుతలేదట.

ఇయ్యాల పొద్దుగాల ఇద్దరం కూర్చొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నం. ఆమె పోగు పోగుగ తీస్తున్నది, నాకంటె నున్నగ తీస్తది అది గూడ. తీసుకుంట తీసుకుంట అన్నది:

"వదినగారూ, మీరు ఎరుపువి ఒక జత అల్లి పెట్టెలో పెట్టారటగా. మా అమ్మాయి తీసి చూపించింది. ఇన్నేళ్లైనా ఎట్లా సాగి వస్తున్నాయండీ అవి! ఇట్లాంటివి నేను ఇంతకు ముందెప్పుడూ చూడలేదు."

నా చేతిల చిక్కుడుకాయ అట్లనే ఆగిపోయింది.

"ఏం దారమండీ అది? నాకు కాస్త నేర్పుతారా?"

అడిగింది బిడ్డా. ఆమె అడిగింది. నన్ను. ఆడ నువ్వు లేవు, మీ అమ్మ లేదు, బజార్ల ఒక్కరు గూడ లేరు! ఇన్నేండ్లకు అడిగితే, వినేటోళ్లు ఒక్కరు లేకుండ చిక్కుడుకాయల కాడ అడిగింది చూడు. నలుగురిల మాఫీ అడిగింది, నేర్పమని మాత్రం ఒంటరిగ అడిగింది. అది గూడ నాకు మంటనే.

"తిన్నంక చెప్తా తియ్" అన్న. లోపల కాళ్లు ఆగుతలేవు, పైకి నిమ్మళంగ అన్న.

ఇప్పుడు నువ్వు ఒక పని చెయ్యాలె. తిన్నంక నేను అరుగు మీద కూర్చుంట. నువ్వు పోయి పక్కింటామెను, ఎదురింటామెను పిలుచుకరా, ఏదో పని మీద పిలిచినట్టు పిలువు. వాళ్లంత వచ్చినంక, "అమ్మమ్మా, పొద్దుగాల నానమ్మను ఏదో అడిగినవట గదా" అను. అప్పుడు ఆమె మళ్ల అడగాలె, అందరు వినాలె. ఇగ నేర్పకుండ ఉంటనా? నేర్పుతా. కోను ఇస్తా, పుల్లలు ఇస్తా. నేను పక్కన కూర్చొని ఆమె వేలు పట్టుకొని చూపిస్తా. గని ఆ దారం ఎంత వదులుగ పట్టాలెనో ఉన్నది చూడు, అది మాత్రం మొదటి జత ముడుచుకపోయి ఆమె తనంతట తాను నా మొఖం దిక్కు చూసే దాక నేను నోరు...

"వదినగారూ! అన్నం వడ్డించేశానండీ, చల్లారిపోతుంది, రండి! చిక్కుడుకాయ కూర మీకిష్టమని చేశాను!"

ఆ, వస్తున్న వదినా, వస్తున్న! లే బిడ్డా, చెయ్యి అందుకో. చూసినవా, నాకు ఏది ఇష్టమో గూడ ఆమెకే ఎరుక, ఇగ నేను కోపం ఎట్ల చెయ్యాలె?